కిటికీ కబుర్లు: బ్లైండ్ గుడ్డ పెట్టే పేచీలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో దోమతెరల మీద రెండు, సోఫా కవర్ల మీద ఒకటి పోను మిగతావన్నీ బ్లైండ్ల గురించే, అంటే కిటికీకి పైనుంచి దించుకునే గుడ్డతెరల గురించే. దాదాపు అందరిదీ ఒకటే మాట, "షాపువాళ్లు మోసం చేశారండి" అని. రావులపాలెం చుట్టుపక్కల పందొమ్మిదేళ్లుగా కిటికీలు కొలిచి, కుట్టి, బిగించే పని నాది కాబట్టి మావాళ్లని వెనకేసుకొస్తున్నానని అనుకుంటారేమో, అనుకోండి. కానీ నేను చూసినంతలో సగం గొడవలు మన గాలివి. ఏసీ షోరూంలో కేటలాగ్ తిరగేసి గుడ్డ ఎంచుకుంటాం, అది వచ్చి బతకాల్సింది మాత్రం కాలవగట్టుకీ కొబ్బరితోటకీ మధ్య.

ప్రశ్న: హాల్లో రోలర్ బ్లైండ్ పెట్టించి ఎనిమిది నెలలైంది. పైకి చుడుతుంటే గుడ్డ ఎడమవైపుకి జరిగిపోయి బ్రాకెట్‌కి రాసుకుంటోంది, ఆ అంచున పోగులు లేస్తున్నాయి. ఫిట్టింగ్ అబ్బాయి రెండుసార్లు వచ్చి బిగించి వెళ్లాడు, వారం తిరక్కుండా మళ్లీ అంతే. ఇప్పుడు గుడ్డే మార్చాలంటున్నాడు. మార్చాలా?
(గృహిణి, అమలాపురం)

మార్చకండి, అప్పుడే కాదు. ముందు రెండు బ్రాకెట్లూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడండి. కిటికీ ఫ్రేముని చూసి మట్టం అనుకోవద్దు, మన పాత ఇళ్లలో గోడే ఒక పక్కకి దిగి ఉంటుంది, ఫ్రేమూ దాంతోపాటే దిగుతుంది. తాపీమేస్త్రిలు వాడే నీళ్ల గొట్టం దొరికితే దాన్ని మించింది లేదు. ఒక చివర ఈ బ్రాకెట్ దగ్గర, ఇంకో చివర ఆ బ్రాకెట్ దగ్గర పట్టుకుంటే నీళ్లే చెబుతాయి. తేడా ఉంటే దిగిన బ్రాకెట్ స్క్రూ విప్పి కాస్త ఎత్తి బిగించండి.

మట్టం సరిగ్గానే ఉండి కూడా జరుగుతుంటే టేపు వైద్యం. బ్లైండ్ పూర్తిగా కిందికి దించండి, పైన గుడ్డ చుట్టుకునే గొట్టం బయటపడేదాకా. గుడ్డ ఎడమకి పోతోంది కదా, గొట్టం కుడి చివర రెండంగుళాల పేపరు టేపు ఒక చుట్టు వెయ్యండి. మళ్లీ చుట్టి చూడండి, చాలకపోతే దానిమీదే ఇంకో చుట్టు. టేపు వేసిన చోట గొట్టం వెంట్రుకవాసి లావవుతుంది, గుడ్డ ఎప్పుడూ లావున్న వైపుకే జరుగుతుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఎడమకి పోతోందని ఎడమవైపే వేస్తారు, అప్పుడు ఇంకా తొందరగా పోతుంది. మీ ఫిట్టింగ్ అబ్బాయి అదే చేశాడని నా అనుమానం.

టేపుకీ లొంగకపోతే అప్పుడు గుడ్డ కోతని అనుమానించాలి. బ్లైండ్ విప్పి నేలమీద పరిచి ఈ మూల నుంచి ఆ మూలకి, తర్వాత రెండో జత మూలలు, కొలత టేపుతో కొలవండి. రెండు కొలతలూ ఒకటైతే కోత బాగున్నట్టే. తేడా వస్తే మూలమట్టం తప్పిన గుడ్డ, దాన్ని ఏ మందూ బాగు చెయ్యదు, షాపుకి పట్టుకెళ్లి కొలిచి చూపించి మార్పించుకోండి, డబ్బులు ఇవ్వకండి.

లేచిన పోగుల్ని మాత్రం లాగొద్దు. లాగితే ఒక్క పోగుతో పోదు, అంచు పొడుగునా వస్తుంది. చిన్న కత్తెరతో గుడ్డకి ఆనించి కత్తిరించి, ఆ చోట రంగులేని గోళ్ల పాలిష్ ఒక్క చుక్క అద్దండి. అగ్గిపుల్లతో కాల్చే మహానుభావులున్నారు, పాలియెస్టర్ అంటుకుంటే చెయ్యి కాలుతుంది, వద్దు. అన్నట్టు ఇంట్లో పసిపిల్లలుంటే బ్లైండ్ లాగే చెయిన్ కిందికి వేలాడకుండా గోడకి క్లిప్పు కొట్టి బిగించండి, మెడకి పడితే ప్రాణం మీదకి వస్తుంది. ఇది అడగలేదు కదా అంటారేమో, నేను ప్రతి ఇంట్లోనూ చెబుతాను.

ప్రశ్న: బెడ్రూంలో జనపనార బ్లైండ్లు వేసుకున్నాం, చూడ్డానికి ఎంతో బాగుండేవి. శ్రావణమాసం అంతా చుట్టేసి ఉంచాం. వినాయకచవితికి ఇల్లు దులుపుతూ దించితే అంతా నల్లచుక్కలు, ముక్కిపోయిన వాసన. ఉతికితే పోతుందా?
(బ్యాంకు ఉద్యోగి, రాజోలు)

అది బూజేనండి. కొంత పోతుంది, కొంత పోదు. ఎందుకు పట్టిందో ముందు చెబుతాను, లేకపోతే వచ్చే ఏడాది ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు.

ప్రతి పోగుకీ గాల్లో తేమ తాగే గుణం ఒకటి ఉంటుంది. గాల్లో తేమ 65 శాతం ఉన్నప్పుడు పాలియెస్టర్ తన బరువులో అర శాతం కూడా తాగదు. నూలు 8 శాతం దాకా తాగుతుంది. జనపనార అయితే 13 శాతం పైమాటే, ముట్టుకుంటే పొడిగానే ఉన్నట్టుంటుంది కానీ లోపల నీళ్లు దాచుకుని కూర్చుంటుంది. అయితే మన రాజోలులో శ్రావణంలో గాలి 65 దగ్గర ఆగుతుందా? తలుపు చెక్క ఉబ్బి గడియ పడని రోజులవి. అలాంటప్పుడు జనపనారని చుట్ట చుట్టి నెలరోజులు గాలి తగలకుండా పెడితే, లోపలి చుట్టల్లో తేమ, దుమ్ము, చీకటి, బూజుకి ఇంక కావాల్సిందేముంది.

మీది ఏసీ గది కూడా అయ్యుంటుంది. రాత్రంతా ఏసీ వేసి పొద్దున్నే ఆపేసి గాలి రావాలని కిటికీలు బార్లా తీస్తాం చూడండి, ఆ తడిగాలి వచ్చి చల్లబడ్డ గోడల మీదా గుడ్డల మీదా చెమ్మగా దిగుతుంది. ఏసీ ఆపాక ముందు ఫ్యాను వేసి గదిని ఒక అరగంట మామూలు వేడికి రానిచ్చి అప్పుడు తెరవండి.

ఇక వైద్యం. బ్లైండ్‌ని ఇంట్లో దులపొద్దు, బూజు రేణువులు పరుపుల మీదా పడతాయి, ముక్కులోకీ పోతాయి. ముక్కుకి గుడ్డ కట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి, ఎండలో ఆరబెట్టి, పొడిగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్షుతో రాల్చండి. తడిపి రుద్దితే మచ్చ లోపలికి దిగుతుంది. తర్వాత మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, ముందు కనపడని మూల ఒక చుక్క వేసి రంగు పోకుండా ఉంటేనే మిగతా మచ్చల మీద దూదితో అద్దండి. పావుగంటాగి తడిగుడ్డతో తుడిచి మళ్లీ ఎండ. జనపనారని నీళ్లలో నానేసి ఉతకొద్దు, ఆకారం పోతుంది, గోధుమరంగు చారలు తేలతాయి. బ్లీచింగ్ అసలు వద్దు. ఏ గుడ్డకైనా సరే, బ్లీచింగ్‌లో వెనిగర్ గానీ బాత్రూం యాసిడ్ గానీ కలపొద్దు, క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరాడదు. శుభ్రం బాగా అవుతుందని రెండూ కలిపేవాళ్లని ఒకరిద్దరిని చూశాను కాబట్టి రాస్తున్నా.

ఇంత చేసినా లేత బూడిదరంగు నీడలు మిగిలితే బూజు చచ్చింది, మచ్చ ఉండిపోయింది అనుకోండి. వాసన పోకపోతే మాత్రం ఆశ వదులుకోండి. ఈసారి పాలియెస్టర్ గుడ్డ వేయించుకోండి, జనపనారలా కనపడే నేతవి దొరుకుతున్నాయి. ఏది వేసినా ఆషాఢం నుంచి కార్తీకం దాకా రోజూ ఒక గంట పూర్తిగా దించి ఉంచండి, గుడ్డకి గాలి తగలాలి. జల్లుకి తడిసిన బ్లైండ్‌ని తడిగా చుట్టడం కన్నా దించి వదిలేసి ఊరెళ్లడం మేలు.

ప్రశ్న: సన్‌స్క్రీన్ బ్లైండ్ వేస్తే బయటివాళ్లకి మనం కనపడం అని చెప్పి అమ్మారు. పగలు నిజమే. రాత్రి లైటు వేస్తే ఎదురింటాయన మేం ఏ కూరతో తింటున్నామో చెబుతున్నాడు. గుడ్డ నకిలీదా?
(భీమవరం)

నకిలీ కాదండి. ఆ గుడ్డ సన్న జల్లెడలాంటిది. కేటలాగ్‌లో 5 శాతం, 1 శాతం అని ఉంటుంది చూడండి, 5 శాతం అంటే గుడ్డలో నూటికి ఐదు వంతులు ఖాళీ అని. చీకట్లో ఉన్నవాళ్లకి వెలుతురులో ఉన్నవాళ్లు కనపడతారు. పగలు వెలుతురు బయట, రాత్రి వెలుతురు మీ ఇంట్లో. 1 శాతం గుడ్డ వేసినా రాత్రి నీడలు కనపడతాయి. దాని వెనక మామూలు కర్టెన్ ఒకటి తగిలించండి, అంతే.

ప్రశ్న: రొయ్యల చెరువు మాది. రాత్రంతా ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుని, తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటాను. బ్లాక్‌అవుట్ బ్లైండ్ అని బోలెడు డబ్బు పోసి పెట్టించుకుంటే రెండేళ్లకి గుడ్డంతా సూది బెజ్జాలు, ఆకాశంలో చుక్కల్లా మెరుస్తున్నాయి. నిద్ర పట్టట్లేదు. మా ఆవిడ రెండుసార్లు బ్రష్షు పెట్టి శుభ్రంగా కడిగింది కూడా.
(ఆకివీడు దగ్గర)

మీ ఆవిడ కడగడం వల్లే అని నేను రాస్తే మీ ఇంట్లో ఈ పత్రిక మానేస్తారు, కానీ అందులో నిజం కొంత ఉంది. బ్లాక్‌అవుట్ గుడ్డలో చీకటి పోగుది కాదు, వెనక పూతది. తెల్ల పూత, మధ్యలో నల్ల పూత, పైన మళ్లీ తెల్లది, ఇలా నురగలాంటి పూత మూడు పొరలుగా వేస్తారు. నల్లపొర వెలుతుర్ని ఆపుతుంది, తెల్లపొరలు చూపుకి. బ్రష్షు పెట్టి రుద్దితే పొర లేస్తుంది, మడతపెడితే మడత దగ్గర పగులుతుంది, కిటికీ వైపు ఏళ్లతరబడి ఎండ తగిలితే పెళుసెక్కుతుంది. ఒక్కసారి పొర పోయాక అడుగున ఉన్నది మామూలు గుడ్డే.

నాలుగైదు బెజ్జాలైతే నయం చెయ్యొచ్చు. గుడ్డల మీద వేసే ఆక్రిలిక్ రంగు, నలుపు, సన్న కుంచెతో వెనకవైపు బెజ్జం మీద పల్చగా అద్ది, ఆరాక దానిమీద తెలుపు అద్దండి. మందంగా వేస్తే చుట్టినప్పుడు ఊడుతుంది. పూర్తిగా ఆరకుండా చుడితే ఆ చుట్ట ఈ చుట్టకి అంటుకుని మిగిలిన పూతని కూడా లాక్కుపోతుంది, కాబట్టి ఒక రోజంతా దించే ఉంచండి. గుడ్డంతా చుక్కలే అంటున్నారు కదా, అలాగైతే రంగు ఖర్చు దండగ. గొట్టం, చెయిన్, కింద బరువు పట్టీ బాగానే ఉండి ఉంటాయి, గుడ్డ ఒక్కటే మార్పించుకుంటే కొత్త బ్లైండ్ ధర అవ్వదు. మొత్తం మార్చాలని ఎవరైనా అంటే ఇంకో షాపుకి వెళ్లండి. ఇకమీదట దుమ్ముకి పొడి మెత్తగుడ్డ, మరకకి సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అద్దడం, అంతకు మించి వద్దు.

ఇంకో సంగతి, గుడ్డ ఎంత గట్టిదైనా రోలర్‌కి రెండు పక్కలా అరంగుళం సందు ఉంటుంది, పొద్దుటెండ అక్కడ్నుంచి కత్తిలా పడుతుంది. మీ నిద్ర చెడగొట్టేది చుక్కలకన్నా ఆ సందులేనేమో, ఓసారి చూడండి. పక్కల్లో అల్యూమినియం పట్టాలు కొట్టిస్తే అది ఆగుతుంది.

ప్రశ్న: తెల్ల నూలుగుడ్డతో మడతలుగా పైకి లేచే రోమన్ బ్లైండ్ కుట్టించి, కింద అంచుకి మా ఊరి లేసు వేయించాను. ఉతికాక రెండు తంటాలు. గుడ్డ కుదించుకుపోయి వెనక లైనింగ్ సంచిలా వేలాడుతోంది. పైగా అడుగడుక్కీ అడ్డంగా గోధుమరంగు గీతలు వచ్చాయి.
(టీచరు, నర్సాపురం)

గీతలు తుప్పు. మడత మడతకీ లోపల ఒక ఊచ ఉంటుంది కదా, మీకు ఇనప ఊచలు పెట్టారు. నర్సాపురానికి సముద్రం ఎంత దూరం, ఆ ఉప్పుగాలికి గేట్లే తినేస్తుంటే ఊచలెంత. ముందు ఊచలన్నీ లాగి పారేసి ఫైబర్ ఊచలు పెట్టించండి, రింగులు ప్లాస్టిక్‌వో ఇత్తడివో. తర్వాత గీతల మీద నిమ్మరసం పిండి, ఉప్పు చల్లి, ఎండలో రెండు గంటలు పెట్టి మంచినీళ్లతో జాడించండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ. మీది తెల్లగుడ్డ కాబట్టి ధైర్యంగా చెబుతున్నా, రంగుగుడ్డకైతే నిమ్మరసం రంగుని కూడా తినొచ్చు, మూల చూసుకోవాలి. తుప్పుకి బ్లీచింగ్ పొయ్యకండి, మరక ఇంకా ముదిరి కూర్చుంటుంది.

కుదించుకుపోవడం మీ తప్పు కాదు, కుట్టినాయన తొందర. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకుకి మీటరుకి మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు తగ్గుతుంది, వదులు నేతయితే ఇంకా ఎక్కువ. పాలియెస్టర్ లైనింగ్ తగ్గదు. రెండిటినీ కలిపి కుట్టి ఉతికితే ఒకటి ముడుచుకుని రెండోది వేలాడుతుంది. అందుకే గుడ్డనీ లేసునీ విడివిడిగా ఒక రాత్రి నీళ్లలో నానేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పెట్టాలి. లేసు కూడా నూలుదారంతో అల్లినదేగా, అది తన లెక్కలో తను ముడుచుకుంటుంది. ఇప్పుడు చేయగలిగింది, పక్క కుట్లూ కింద కుట్టూ విప్పించి లైనింగ్‌ని గుడ్డ కొలతకి కత్తిరించి మళ్లీ కుట్టించడం. పొడుగు తగ్గింది కాబట్టి పైన ఒక పట్టీ అతికించాలి. లేసుని విడిగా తడిపి, గుండుసూదులతో చాపి ఆరబెట్టి మళ్లీ వెయ్యండి.

మీరు గంజి పెట్టారా? అడగలేదు గానీ తెల్ల నూలు అనగానే మనవాళ్ల చెయ్యి గంజి గిన్నె మీదకే పోతుంది. కట్టుకునే చీరకి పెట్టుకోండి, రెండ్రోజుల్లో మళ్లీ ఉతుకుతారు. ఆరునెలలు వేలాడే బ్లైండ్‌కి గంజి అంటే బూజుకీ బొద్దింకలకీ భోజనం పెట్టినట్టు.

ప్రశ్న: అమ్మ కట్టుకున్న ఉప్పాడ పట్టుచీర. బీరువాలో పడి ఉండడం ఎందుకని పడమటి కిటికీకి బ్లైండ్‌గా కుట్టించాను. మూడో వేసవికి నిలువునా చీలికలు, ముట్టుకుంటే పొట్టులా రాలుతోంది. రఫూ చేయించవచ్చా?
(రాజమండ్రి)

ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. రఫూ కాదమ్మా. రఫూ చెయ్యాలంటే చుట్టూ ఉన్న గుడ్డకి సూదిని పట్టుకునే సత్తువ ఉండాలి, మీ చీరలో అది లేదు. బట్టల పోగులన్నిట్లోకీ ఎండకి తొందరగా ఓడిపోయేవాటిలో పట్టు ఒకటి. కిటికీ అద్దం ఉంది కదా అనుకుంటాం, మామూలు అద్దం ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని పూర్తిగా ఆపదు, చాలా భాగం లోపలికి వస్తూనే ఉంటుంది. పట్టు అంటే మన వెంట్రుకలాగా మాంసకృత్తుల పోగు. ఆ కిరణాలు దాన్ని ముక్కలు చేస్తాయి, పసుపెక్కి, పెళుసెక్కి, చివరికి మీరన్నట్టు పొట్టవుతుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పడమటెండ అంటే చెప్పేదేముంది.

పనిలో చేరిన కొత్తలో మా అక్క పెళ్లిచీరతో నేనూ ఇదే చేశాను. లైనింగ్ కూడా వెయ్యకుండా. అక్క ఇప్పటికీ నా చేతికి చీర ఇవ్వదు.

మీకు ఒక దారుంది. ఎండ పడని భాగాలు, అంటే పైన చుట్టలో ఉండిపోయిన ముక్క, పక్క మడతల లోపలివి, ఇంకా గట్టిగా ఉండొచ్చు. అక్కడ బుటా ఒకటి చెడకుండా దొరికితే దాన్ని కత్తిరించి, తెల్ల నూలుగుడ్డ మీద నాలుగు వదులు కుట్లతో నిలిపి, అద్దం ఫ్రేములో పెట్టించి ఎండ తగలని లోపలి గోడకి తగిలించండి. ఉప్పాడ చీరల మీది జామ్దానీ బుటా నేస్తున్నప్పుడే విడి పేకతో చేత్తో ఎక్కించేది, పైన కుట్టిన డిజైన్ కాదు, ఒక్క బుటా మిగిలినా ఆ పనితనం అందులో ఉంటుంది. మిగతా చీర ఇంట్లో ఉంటే పూజగది తలుపుకి వాడుకోవచ్చు, లోపలి గది కాబట్టి ఎండ భయం లేదు. పడమటి కిటికీకి పాలియెస్టరో ఆక్రిలికో వెయ్యండి, అందులోనూ పోగు తయారుచేసేటప్పుడే రంగు కలిపినవి ఉంటాయి, ఎండకి త్వరగా వెలవవు.

ప్రశ్న: వరి పొట్ట మీదున్నప్పుడు దీపపు పురుగులు వచ్చి బ్లైండ్ నిండా పచ్చమరకలు. అది చాలదన్నట్టు ఇప్పుడు కుమ్మరి పురుగు మడతలో మట్టిగూడు కట్టింది. తీసేద్దామంటే అత్తగారు వద్దంటున్నారు, కుమ్మరి పురుగు గూడు కడితే ఇంట్లో ఉయ్యాల ఊగుతుందట.
(మండపేట)

పచ్చమరకలు పురుగులు చుట్టలో నలిగి పడినవి. సాయంత్రం లైటు వేసే ముందే బ్లైండ్ దించేసి, రాత్రి పైకి చుట్టకండి, పొద్దున్నే పొడిబ్రష్షుతో దులిపి అప్పుడు చుట్టండి. పడ్డ మరకని తడిగుడ్డతో పులమొద్దు. ఆరాక పిల్లల పెన్సిల్ రబ్బరు, తెల్లది, మెల్లగా రుద్దితే చాలావరకు వస్తుంది. మిగిలినదానికి కుంకుడు రసంలో ముంచి పిండిన గుడ్డతో అద్దండి. బల్లి రెట్టకీ ఇదే వరస, ఆరనిచ్చి గోకాలి.

గూడు సంగతి, తడిపి తియ్యొద్దు, అది ఒండ్రుమట్టి, తడిస్తే గుడ్డలోకి దిగి ఎర్రగా మిగులుతుంది. ఎండిన గూడు అట్టముక్కతో అడుగునుంచి నెడితే పెచ్చులా వచ్చేస్తుంది. గూడుకి గుండ్రటి బెజ్జం ఉంటే పిల్ల ఎగిరిపోయినట్టు, ఖాళీ ఇల్లు, తీసెయ్యండి. నున్నగా మూసి ఉంటే లోపల తల్లి పెట్టిపోయిన సాలీళ్లని తింటూ పిల్ల ఉంటుంది. అది ఎగిరిపోయేదాకా ఆ బ్లైండ్‌ని దించే ఉంచండి, చుడితే గూడు చితికి ఆ మరక నా వల్ల కూడా కాదు. అత్తగారి మాటా నిలబడుతుంది. ఉయ్యాల ఊగితే ఆ గదికి బ్లాక్‌అవుట్ వేయిద్దురుగాని, పై ఉత్తరంలో ఏరేటర్లాయనకి రాసింది చదువుకుని.